మట్టిని పైనుంచి చూడండి, పైనుంచి తేల్చకండి



పోస్టు పెద్దదే, ముందే చెప్తున్నాం. కానీ పోడు పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న ఇల్లు మీదైతే చివరిదాకా చదవండి. మీరు అగ్రికల్చరో, జియాలజీయో, జాగ్రఫీయో చదువుతున్నా సరే, చివరిదాకా చదవండి.

మొన్న సంక్రాంతి సెలవులకి విశాఖలో చదువుకుంటున్న మేం అయిదుగురం ఊరికెళ్లాం. పాడేరు వైపు కొండల్లో ఊరు. మాలో ఒకడు జీఐఎస్ కోర్సు చేస్తున్నాడు. వాడి ల్యాప్‌టాప్‌లో రాష్ట్రం మొత్తం నేలల మ్యాపు ఉంది. రాత్రి పొయ్యి దగ్గర కూర్చుని మన ఊరు అందులో ఎక్కడుందో చూద్దామన్నాం. పెద్దది చేసుకుంటూ పోగా పోగా దొరికింది. ఊరు, వెనక కొండ, ముందు గెడ్డ, గెడ్డ అవతల ఇంకో రెండు ఊళ్లు, అన్నీ కలిపి ఒకటే రంగు, ఒకటే నంబరు.

మాలో ఒకడి తాత పక్కనే కూర్చుని చూస్తున్నాడు. "ఇందులో మన పల్లం ఏదిరా? గరువు ఏది?" అన్నాడు.

"అన్నీ ఇదే తాతా. వేరేగా లేవు."

"అయితే ఇది గీసినోడు మన ఊరు రాలేదన్నమాట."

అందరం నవ్వాం. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే అదే తాత అంతకు మూడు నెలల ముందు తన పోడు క్లెయిము గురించి ఒక ఆఫీసుకి వెళ్లాడు. అక్కడ ఒక సారు కంప్యూటర్ తెర ఇటు తిప్పి చూపించాడట. "2005 బొమ్మలో ఇక్కడంతా పచ్చగా ఉంది. అంటే అడివి. నువ్వు సాగు చేయలేదు" అన్నాడట. తాత "బాబూ, ఆ పచ్చ అడివిదా, నా పసుపు చేనుదా, ఆ బొమ్మ చెప్తుందా?" అని అడిగాడు. సమాధానం లేదు. ఫైలు మూసేశారు.

ఈ రెండూ వేర్వేరు సంగతులు కావు. ఒకచోట మూడు ఊళ్ల మట్టికి ఒకటే రంగు పూశారు. ఇంకోచోట పచ్చరంగు చూసి మనిషి చెమటని కొట్టేశారు. రెండింటిలోనూ జరిగింది ఒకటే. పైనుంచి తీసిన బొమ్మని చూసి, కింద కాలు పెట్టకుండానే తీర్పు రాశారు. మేం శాటిలైట్‌కి వ్యతిరేకం కాదు. నేలని పైనుంచి చూడండి, బాగా చూడండి. కానీ పైనుంచి తేల్చేయకండి అంటున్నాం. ఇది ఆఫీసువాళ్లకి ఎంత చెప్పాలో మన వాళ్లకీ అంతే చెప్పాలి. అందుకే ఈ పోస్టు.

అసలు ఈ మ్యాపు ఎలా తయారవుతుంది?

తెలియకుండా తిడితే మన మాటకి విలువ ఉండదు. అందుకని ముందు దీని పని చూద్దాం.

శాటిలైట్ మట్టిలోకి తొంగి చూడదు. నేల మీద పడి తిరిగొచ్చే ఎండని కొలుస్తుంది. మన కంటికి కనిపించే రంగులతో పాటు కనిపించని పరారుణ కాంతిని కూడా వేర్వేరు పట్టీలుగా కొలుస్తుంది. ఇనుము ఎక్కువున్న ఎర్రమట్టి ఒకలా, నల్లరేగడి ఒకలా, చవుడు పేరుకున్న నేల ఒకలా, తడినేల ఒకలా ఆ కాంతిని తిప్పికొడతాయి. దీనికి తోడు నేల వాలు ఎంత, కింద ఏ రాయి ఉంది, వాన ఎంత పడుతుంది, మీద ఏం పెరుగుతోంది అన్న వివరాలు ఉంటాయి. వీటన్నిటినీ పొరలు పొరలుగా ఒకదాని మీద ఒకటి పరిచి చూడడమే జీఐఎస్. ఆ పొరలు చూసి "ఈ ముక్కంతా ఒకేలాంటి నేల అయ్యుండాలి" అని గీత గీస్తారు.

అక్కడితో సగం పనే అయింది. తర్వాత మనుషులు దిగాలి. గొయ్యి తవ్వాలి. పొరల రంగు, లోతు, రాళ్లు, బంక, వేళ్లు ఎక్కడిదాకా వెళ్లాయో రాసుకోవాలి. మట్టి ల్యాబుకి పంపాలి. గీత తప్పైతే చెరిపి మళ్లీ గీయాలి. నేలల శాస్త్రం చదివిన ఏ మేష్టారినైనా అడగండి, ఇదే చెప్తారు. అసలు నిజం ఉండేది గోతిలో. ఒక గొయ్యికీ ఇంకో గొయ్యికీ మధ్య ఉన్న ఖాళీని నింపడానికి శాటిలైట్ సాయం చేస్తుంది, అంతే. గోతులు తక్కువైన చోట మ్యాపు మొత్తం ఊహే అవుతుంది. రంగులు మాత్రం అక్కడా ఇక్కడా ఒకేలా ముద్దుగా ఉంటాయి. ఏది తవ్వి చూసింది, ఏది ఊహించింది అన్నది రంగు చూస్తే తెలీదు.

లెక్క చూడండి

నాగపూర్‌లో 1976లో పెట్టిన జాతీయ నేలల సర్వే, భూ వినియోగ ప్రణాళిక సంస్థ దేశంలో రాష్ట్రాల వారీగా నేలల మ్యాపులు చేసింది. వాటి స్కేలు 1:2,50,000. అంటే కాగితం మీద ఒక సెంటీమీటరు నేల మీద రెండున్నర కిలోమీటర్లు. ఒక చదరపు సెంటీమీటరు అంటే 625 హెక్టార్లు, దగ్గరదగ్గర 1,540 ఎకరాలు. మన చిటికెన వేలి గోరు పెడితే ఊరు ఊరంతా దాని కింద పోతుంది. ఆ మ్యాపుకి నేల మీద చూసిన చోట్లు 10 కిలోమీటర్ల గడుల లెక్కన తీసుకున్నారు. ఒక గడి అంటే 100 చదరపు కిలోమీటర్లు.

ఇది ఆ శాస్త్రవేత్తల తప్పు అని మేం అనడం లేదు. దేశం మొత్తానికి ఏ జిల్లాలో ఏ రకం నేలలున్నాయో తెలియాలంటే ఆ స్కేలు సరిపోతుంది. ఇప్పుడు అదే సంస్థ 1:10,000 స్కేలు పని కూడా చేస్తోంది. అందులో ఒక చదరపు సెంటీమీటరు ఒక హెక్టారు. అది మంచి పని. తప్పు ఎక్కడంటే, జిల్లా కోసం గీసిన మ్యాపుని మడి దగ్గరికి తెచ్చి "నీ మడిలో ఉన్నది ఇదే" అనడంలో. రాష్ట్రం రోడ్ల మ్యాపు పట్టుకుని మా వీధిలో ఇల్లు వెతికితే దొరుకుతుందా?

మేం ఏం చేశామంటే, మర్నాడు గునపాలు పట్టుకుని బయల్దేరాం. మన్యంలో నేలని మన పెద్దలు ఎలా పిలుస్తారో అందరికీ తెలుసు. గెడ్డ పక్కన వరి పండే పల్లం. దాని పైన గరువు. ఇంకా పైన మెట్ట. ఆ పైన కొండపోడు. నాలుగు చోట్లా ఆ నేల వాళ్లని అడిగి ఒక్కో గొయ్యి తీశాం. కింది గొయ్యి దగ్గర నిలబడి కేకేస్తే పై గొయ్యి దగ్గరున్నోడికి వినబడుతుంది. అంత దగ్గర.

పల్లంలో నల్లటి బంకమట్టి, మోకాలి లోతు దాటగానే నీరు ఊరింది. గరువులో ఎర్రమట్టి, నడుం లోతు తవ్వినా రాయి తగల్లేదు. మెట్టలో జానెడు దిగేసరికి గులకరాళ్లు, గునపం ఖణేలుమంది. పోడులో పైన బొగ్గు ముక్కలు కలిసిన నల్లటి పొర, దాని కింద ఎర్ర గరప. మట్టిని తడిపి ఉండ చేసి రెండు వేళ్ల మధ్య పట్టీలా సాగదీస్తే పల్లం మట్టి పొడుగ్గా సాగింది, మెట్ట మట్టి అసలు పట్టీయే కాలేదు.

ఒక్క వాలు మీద నాలుగు నేలలు. మ్యాపులో ఒకటే రంగు. తాత మాటే నిజం.

కొండల్లో శాటిలైట్‌కి కళ్లు ఎందుకు మసకేస్తాయి?

మైదానంలో వేసవిలో చేలు ఖాళీగా ఉంటాయి, మట్టి బయటపడి ఉంటుంది, ఆకాశం నిర్మలంగా ఉంటుంది. అక్కడ శాటిలైట్ బాగా పనిచేస్తుంది. నల్లరేగడి ఎక్కడ ఆగి ఎర్రనేల ఎక్కడ మొదలైందో, చవుడు ఎంత పాకిందో చక్కగా పట్టిస్తుంది. మన దగ్గర సంగతి వేరు.

ఒకటి, చెట్లు. ఆకు కప్పేస్తే కెమెరాకి ఆకే కనిపిస్తుంది, మట్టి కనపడదు. చెట్టు లేని చోట కూడా వేలిగోరంత లోతుకి కూడా దాని చూపు దిగదు. కానీ పంట బతికేది లోతు మీద. మా మెట్ట, గరువు రెండూ పైకి ఎర్రగానే ఉంటాయి. ఒకదానిలో జానెడు మట్టి, ఇంకోదానిలో నడుం లోతు మట్టి.

రెండు, మబ్బు. వానాకాలం పంట నిలబడి ఉన్న నెలల్లోనే మన కొండల మీద మబ్బు కమ్ముకుని ఉంటుంది. దాంతో దొరికే మంచి బొమ్మలన్నీ పంట కోసేశాక తీసినవే. మబ్బులోంచి చూడగల రాడార్ శాటిలైట్లు ఉన్నాయి, కాదనం. కానీ అవి మట్టి రంగు చూడవు.

మూడు, కొండ నీడ. ఇలాంటి శాటిలైట్లు ఎక్కువగా ఉదయం పది, పదిన్నర ప్రాంతంలో మన మీదుగా పోతాయి. చలికాలంలో ఆ వేళకి ఎండ ఆగ్నేయం నుంచి ఏటవాలుగా పడుతుంది. పడమటి వైపు, ఉత్తరం వైపు వాలు నీడలో ఉంటుంది. ఒకే మట్టి ఎండలో ఒకలా, నీడలో ఇంకోలా నమోదవుతుంది. సరిచేసే లెక్కలు ఉన్నాయి, చేసినవాడు ఉంటే.

నాలుగు, పిక్సెల్. ల్యాండ్‌శాట్ పిక్సెల్ 30 మీటర్లు, అంటే మన లెక్కలో 22 సెంట్లు. మన దేశపు లిస్-3 పిక్సెల్ 23.5 మీటర్లు, సుమారు 13 సెంట్ల పైమాట. ఆ పిక్సెల్‌లో సగం రాగి చేను, సగం విప్ప చెట్ల నీడ ఉంటే కంప్యూటర్ రెండూ కలిపి ఒకే ముద్ర కొడుతుంది. మన పోడు చేలు ఎంతెంత ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు 10 మీటర్ల పిక్సెల్‌తో సెంటినెల్-2 బొమ్మలు ఉచితంగా వస్తున్నాయి. కానీ ఆ శాటిలైట్ ఎగిరింది 2015లో. అటవీ హక్కుల చట్టం అడిగే తేదీ 2005 డిసెంబర్ 13. ఆనాటి ల్యాండ్‌శాట్-7 కెమెరాలో 2003 మే నెలాఖరున ఒక భాగం పాడైంది. అప్పట్నుంచి దాని ప్రతి బొమ్మలో సుమారు 22 శాతం నేల చారలు చారలుగా ఖాళీ. అప్పట్లో దీనికంటే మెరుగైన బొమ్మలు తీసినవి మన దేశానివే కొన్ని ఉన్నాయి. మరి తాతకి చూపించిన బొమ్మ వీటిలో ఏ శాటిలైట్‌ది? ఏ నెలలో తీసింది? ఆయనకి ఎవరూ చెప్పలేదు. అడగాలని ఆయనకీ తెలీదు. అక్కడ పక్కన ఉండాల్సింది మేం, మేం లేం.

మ్యాపు తప్పైతే మనకేం పోతుంది?

"పోన్లే, కాగితం మీద రంగే కదా" అనుకోవద్దు. రంగు తర్వాత డబ్బు, పథకం, తీర్పు వరసగా వస్తాయి.

మొదటిది, ఎరువు సలహా. 2015లో సాయిల్ హెల్త్ కార్డు పథకం వచ్చింది. పన్నెండు పరీక్షలు చేసి కార్డు ఇస్తారు. మంచి పథకమే. కానీ వర్షాధార భూముల్లో నమూనా 10 హెక్టార్ల గడికి ఒకటి. అంటే దాదాపు 25 ఎకరాలకి ఒక పిడికెడు మట్టి. మైదానంలో 25 ఎకరాలు ఒకేలా ఉండొచ్చు. మన వాలు మీద 25 ఎకరాల్లో పల్లం, గరువు, మెట్ట, పోడు నాలుగూ వచ్చేస్తాయి. నమూనా పల్లంలో తీస్తే పోడు రైతు కార్డు మీద పల్లం మట్టి లెక్క పడుతుంది. తర్వాత "కార్డు ఇచ్చినా మీరు పాటించరు" అని మనల్నే అంటారు.

రెండోది, పేరు. కేంద్ర ప్రభుత్వం శాటిలైట్ బొమ్మలతో బంజరు భూముల అట్లాసు వేస్తుంది. మొదటిది 2000లో వచ్చింది. అందులో ఏ రకం నేలల్ని బంజరు అన్నారో జాబితా చూడండి. చవుడు నేలలు, ఇసుక దిబ్బలు, రాతి నేలలతో పాటు పోడు వ్యవసాయం చేసే నేల కూడా ఉంటుంది. ఇప్పుడు సాగులో ఉన్న పోడు ఒక రకం బంజరు, వదిలేసిన పోడు ఇంకో రకం బంజరు. మా గోతిలో కనిపించిన ఆ నల్లపొర ఎలా వచ్చింది? సాగు చేసి, వదిలి, చెట్టు పెరగనిచ్చి, మళ్లీ సాగు చేస్తే వచ్చింది. అది నేలకిచ్చే విశ్రాంతి. మ్యాపు భాషలో దాని పేరు బంజరు. బంజరు అన్నాక దాన్ని ఎవరికైనా ఇచ్చేయొచ్చు అనిపిస్తుంది. మన ఏజెన్సీలో కొండ మీది రాళ్లనేలని పనికిరాని నేల అన్నవాళ్లే దాని కింద బాక్సైట్ కోసం 2015లో 97వ జీవో తెచ్చారు. అది మర్చిపోలేదు కదా.

మూడోది, అడివి అన్న మాట. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో ఒక హెక్టారు దాటి, చెట్ల నీడ 10 శాతం మించితే అది అటవీ విస్తీర్ణమే. భూమి ఎవరిది, ఏం పండిస్తున్నారు అన్నది చూడరు. అది వాళ్ల నిర్వచనం, దాచిపెట్టింది కాదు, ప్రతి నివేదికలో రాస్తారు. దాని ప్రకారం సిల్వర్ ఓక్ నీడన మన కాఫీ తోట అడివే. జీడిమామిడి తోట అడివే. చెట్ల లెక్క కోసం అది సరే. అదే రంగు తీసుకొచ్చి "ఇది అడివి, నువ్వు ఆక్రమణదారువి" అంటే సరి కాదు.

నాలుగోది, పట్టా. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, క్లెయిములు తిరస్కరించినవాళ్లని ఖాళీ చేయించాలని ఆదేశించింది. శాటిలైట్ సర్వే చేసి ఆక్రమణల పరిస్థితి తన ముందు పెట్టమని ఫారెస్ట్ సర్వేకి కూడా అదే ఆదేశంలో చెప్పింది. దేశమంతా ఆదివాసీలు లేచాక అదే నెల 28న ఖాళీ చేయించే ఆదేశాన్ని నిలిపేసింది. నిలిపేసింది, అంతే. భయం పోలేదు.

చట్టం మన వైపే ఉంది, చదవాలి

అటవీ హక్కుల నియమాలకి 2012లో చేసిన సవరణలో స్పష్టంగా ఉంది. శాటిలైట్ బొమ్మలు, ఇతర టెక్నాలజీ మిగతా సాక్ష్యాలకి తోడుగా వాడొచ్చు, వాటికి బదులుగా వాడకూడదు. మిగతా సాక్ష్యాలు ఏంటి? చదును చేసిన నేల, వేసిన గట్లు, చిన్న కట్టలు, ఇళ్లు, బావులు, శ్మశానాలు, దేవతల స్థలాలు, క్లెయిము పెట్టినవాడు కాకుండా వేరే పెద్దలు చెప్పి రాయించిన వాంగ్మూలం. గుజరాత్‌లో ఇలాగే శాటిలైట్ బొమ్మలు చూపించి క్లెయిములు కొట్టేస్తే, 2013లో ఆ రాష్ట్ర హైకోర్టు బొమ్మ ఒక్కటే చూసి తిరస్కరించడం కుదరదని చెప్పి, మళ్లీ పరిశీలించమంది.

అంటే తాత చూపించాల్సింది ఆయన దగ్గరే ఉంది. వాలుకి అడ్డంగా ఆయన తండ్రి పేర్చిన రాతి గట్టు, ఆ గట్టు వెనక ఏళ్ల తరబడి ఆగి మందంగా పేరుకున్న మట్టి. గట్టు కింద జానెడు మట్టి, గట్టు వెనక మోకాలి లోతు మట్టి. అంత మట్టి ఒక్క ఏడాదిలో ఆగుతుందా? ఇది ఏ శాటిలైట్‌కీ కనపడదు. గొయ్యి తీస్తే పదినిమిషాల్లో కనపడుతుంది.

ఇప్పుడు మన వాళ్ల సంగతి

ఆఫీసువాళ్లని అని ఊరుకుంటే లైకులు వస్తాయి, పని జరగదు. మనలో రెండు రోగాలున్నాయి.

మొదటి రోగం, "ఈ శాటిలైట్, జీఐఎస్ అంతా వాళ్ల ఆయుధం, మనకొద్దు" అనడం. మా మీటింగుల్లో పెద్దన్నలు ఇలా మాట్లాడితే చప్పట్లు కొట్టాం, మేమూ కొట్టాం. కానీ వద్దంటే ఏమవుతుంది? మ్యాపు ఆగదు. మనం లేకుండా తయారవుతుంది. సర్వే రాయి పాతేటప్పుడు మన తాతలు చదువు రాక దూరంగా నిలబడ్డారు. మనకి చదువొచ్చి కూడా దూరంగా నిలబడితే ఏం చెప్పుకుంటాం?

రెండో రోగం, చదువుకున్నాం కాబట్టి తెర మీద కనిపించేదే నిజం, తాత చెప్పేది మూఢనమ్మకం అనుకోవడం. మా జీఐఎస్ తమ్ముడే ఒప్పుకున్నాడు. కోర్సులో వాడు వందల పిక్సెళ్లకి పేర్లు పెట్టాడు, ఒక్కసారి కూడా గొయ్యి తీయలేదు. సంక్రాంతికి తీసిందే మొదటిది.

తాతకి అన్నీ తెలుసని కూడా మేం అనం. మట్టి వాసన చూసి, నోట్లో వేసుకుని పెద్దలు చాలా చెప్తారు. కానీ బోరాన్ తక్కువుందా, జింకు తక్కువుందా అన్నది నాలుకకి తెలీదు, ల్యాబుకే తెలుస్తుంది. వాన ఎక్కువ పడే కొండనేలల్లో సాధారణంగా ఆమ్లగుణం ఎక్కువ. అది ఎంత, సున్నం వేయాలా వద్దా అన్నది పరీక్ష చేయకుండా చెప్పలేం. పైవాలు ఎంత కోతకి గురవుతోందో, నీరు ఏ దారిన దిగుతోందో శాటిలైట్ ఎత్తుల లెక్క మనకంటే బాగా చూపిస్తుంది. ఊరి కళ్లు, ల్యాబు కళ్లు, పైనున్న కళ్లు మూడూ కావాలి. ఇన్నాళ్లూ లేనిది ఊరి కళ్లు. అందుకే దాని గురించి గొడవ చేస్తున్నాం.

ఇంకో మాట. మన తూర్పు కనుమల్లో దొరికే ఒక రాయికి శాస్త్రవేత్తలు ఖోండలైట్ అని పేరు పెట్టారు. ఖోండ్ అంటే మన కోదులే. రాయికి మన జాతి పేరు ఎక్కింది. ఆ రాయి మీద మట్టికి మన వాళ్లు పెట్టుకున్న పేర్లు మాత్రం మేం చూసిన ఒక్క మ్యాపులోనూ లేవు. పల్లం, గరువు, మెట్ట అన్నవి ఉత్త పేర్లు కావు. వాలు, లోతు, నీరు, ఏ పంట, ఎవరికి ఎంత పని అన్నదంతా ఆ ఒక్క మాటలో ఉంటుంది. కోదు, గదబ, పొర్జ భాషల్లో ఇంకెన్ని మాటలున్నాయో. అవి తెలిసిన ముసలమ్మలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

ఏం చేద్దాం?

ఇకమీదట కుదరదని చెప్పడానికి సాకు లేదు. ల్యాండ్‌శాట్ బొమ్మలు 2008 నుంచి ఉచితం. సెంటినెల్ ఉచితం. ఇస్రో భువన్ 2009 నుంచి ఉంది. క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌కి రూపాయి కట్టక్కర్లేదు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలతో మన దేశంవాళ్లు మ్యాపులు చేసుకోవడానికి ముందస్తు అనుమతుల తలనొప్పి చాలావరకు పోయింది. లేనిదల్లా మన చెయ్యి.

1. ఈ వేసవి సెలవుల్లో ఒక్కో ఊళ్లో నలుగురు కూడండి. ముందు ఊరి పెద్దల్ని, ముఖ్యంగా ఆడవాళ్లని కూర్చోబెట్టి ఊరి నేలల పేర్లన్నీ రాయండి. విత్తనం వేసేది, కలుపు తీసేది వాళ్లే, ఏ చేనులో ఏ మట్టో వాళ్లకే ఎక్కువ తెలుసు. ఏ భాషలో చెప్తే ఆ భాషలోనే, తెలుగు లిపిలో రాయండి.

2. పేరుకి ఒక గొయ్యి. నేల వాళ్లని అడిగి తవ్వండి. పొరల లోతు కొలిచి, పక్కన టేపు పెట్టి ఫొటో తీసి, ఫోన్ జీపీఎస్‌తో చోటు గుర్తు పెట్టి, గొయ్యి పూడ్చేయండి. గుర్తుంచుకోండి, ఫోన్ జీపీఎస్ బయలు చోటే కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, చెట్ల కింద ఇంకా ఎక్కువ. నేల రకానికి అది చాలు. సరిహద్దు తగాదాకి మాత్రం వాడకండి.

3. అప్పుడు శాటిలైట్ బొమ్మ తెరవండి. మీ గోతుల్ని దాని మీద పెట్టి, వాలు పొర కలిపి గీతలు గీయండి. ప్రతి గీత గ్రామసభలో చూపించండి. "ఇది తప్పురా" అంటే అక్కడే చెరిపేయండి.

4. మట్టి నమూనాలు తీసేవాళ్లు వస్తే గడి ప్రకారం కాకుండా మన నేలల ప్రకారం తీయమని గ్రామసభ తీర్మానం రాసివ్వండి. పల్లానికొకటి, గరువుకొకటి, మెట్టకొకటి, పోడుకొకటి.

5. పట్టా విచారణలో బొమ్మ చూపిస్తే అయిదు ప్రశ్నలు అడగండి. ఏ శాటిలైట్? ఏ తేదీ? పిక్సెల్ ఎంత? దీన్ని నేల మీద ఎవరు, ఎన్ని చోట్ల సరిచూశారు? నియమాలు అడిగే మిగతా సాక్ష్యం ఎందుకు చూడలేదు? సమాధానం రాతపూర్వకంగా అడగండి. తాత పక్కన ఒక్క చదువుకున్న పిల్లోడు ఉండి ఈ అయిదూ అడిగితే చాలు, ఫైలు అంత తేలిగ్గా మూతపడదు.

6. ఊరి మ్యాపు ఊరిది. ఊటలు, దేవత వనాలు, రాళ్ల వివరాలు ఇంటర్నెట్‌లో పెట్టేయకండి. ఏది బయటికి ఇవ్వాలో గ్రామసభ చెప్తుంది. పేపర్ కాపీ ఒకటి ఊళ్లో, ఒకటి అటవీ హక్కుల కమిటీ దగ్గర.

మేం మా ఊళ్లో మొదలుపెట్టాం. నాలుగు గోతులే అయ్యాయి, ఇంకా కనీసం పదిహేను తీయాలి. గీతలు వంకర టింకరగా ఉన్నాయి. ఒక గీత ఇప్పటికే రెండుసార్లు చెరిపాం, ఎందుకంటే మా అత్త ఒకామె వచ్చి "అక్కడ కాదు, పనస చెట్టు దగ్గర్నుంచి మారుతుంది" అంది. వెళ్లి తవ్వి చూస్తే ఆమె చెప్పిందే కరెక్టు.

తాతకి ఆ మ్యాపు చూపించాం. కళ్లకి దగ్గరగా పెట్టుకుని తన పోడు ఎక్కడుందో వెతుక్కున్నాడు. దొరికాక దాని మీద వేలు పెట్టి, "ఇది ఆఫీసుకి తీసుకెళ్దామా?" అన్నాడు.

తీసుకెళ్తాం తాతా. ఈసారి నువ్వు ఒక్కడివే రానక్కర్లేదు.

మీ ఊళ్లో మొదలుపెడితే కింద కామెంట్లో ఊరి నేలల పేర్లు రాయండి. నేర్పమంటే మేం వస్తాం, తిండి పెడితే చాలు.

మావ నాటె, మావ రాజ్. జై ఆదివాసీ.